చంటోన్ని పట్టుకోమని గర్భిణి అక్కను ఎక్స్‌రే రూములకు పిలిచిన్రు.. భయపడాల్నా?

పరకాల_పిలగాడు
మా అక్కకు ఇప్పుడు మూడో నెల. వాళ్ల చిన్నోడికి రెండేండ్లు, నెమ్ము పట్టిందేమోనని డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే రాసిండు. హన్మకొండల ఒక సెంటర్‌కు తీస్కపోతే వాడు ఒకటే ఏడుపు, నిలబడుతలేడు. అక్కడున్నతను "అమ్మా, నువ్వే వచ్చి చేతులు పట్టుకో" అన్నడు. కడుపుతోని ఉన్న అని అక్క చెప్పింది. "ఒక్క సెకండు పని, ఏం గాదు" అని లోపలికి పిలిచిండు. కిరణాలను ఆపే సీసం ఏప్రాన్ గిట్ల ఏం ఇయ్యలే. బావ బయట బిల్లు కడుతున్నడు, ఆయనను పిలిస్తే అయిపోయేది గదా.

ఇంటికొచ్చినంక పక్కింటామె "కడుపుల బిడ్డకు అవిటితనం వస్తదట" అన్నది. ఊళ్లె ఆర్‌ఎంపీ అయితే "తీయించుకునుడే మంచిది" అన్నడు. అప్పటిసంది అక్క సరిగ అన్నం తింటలేదు, అత్తగారింట్ల ఒకటే పంచాయతి. తెలిసినోళ్లు ఉంటే నిజం చెప్పున్రి. ధైర్యం కోసం ఉత్త మాటలు వద్దు.

ఓరుగల్లు_అక్క
తమ్మీ, ముందు మీ అక్కకు ఇంత తినపెట్టు. ఆర్‌ఎంపీ మాట విని తొందరపడి ఏ గోలీలు వేస్కోనియ్యకు. మందుల దుకాణంల దొరికే ఆ గోలీలతో రక్తం పోయి ఆస్పత్రిపాలైన ఆడపిల్లలను చూసిన.

కాజీపేట_లైన్
ఎవడయ్యా ఆ ఆర్‌ఎంపీ? జ్వరానికి సెలైన్ పెట్టుకుంట కూసోక ఇదెందుకు ఆయనకు.

మడికొండ_మల్లన్న
ఎక్స్‌రే రూం బయట "గర్భిణులు లోపలికి రావద్దు" అని ఊకెనే రాయరు గదా. ఏమీ గాకపోతే ఆ బోర్డు ఎందుకు? నాకైతే అనుమానమే.

ఫిల్మ్_చదివే_డాక్టర్
నేను రేడియాలజిస్టుని, వరంగల్‌లోనే పనిచేస్తాను. పరకాల తమ్ముడూ, ఇది మీ అక్కయ్యకు చదివి వినిపించండి. ఈ కారణంతో గర్భం తీయించుకోవాల్సిన అవసరం లేదు.

పిల్లాడి ఛాతీ ఎక్స్‌రేలో కిరణాలు వాడి ఛాతీ మీదికే వెళ్తాయి. పక్కన చేతులు పట్టుకున్న మనిషికి తగిలేవి వాడి ఒంటి నుంచి చెదిరి వచ్చే కొద్దిపాటి కిరణాలు మాత్రమే. రేడియేషన్ మోతాదును సీవర్ట్ అనే కొలతలో చెప్తారు; ఇక్కడ తగిలేది మైక్రోసీవర్ట్‌లలో ఉంటుంది, అంటే మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతుల లెక్క. ఏ ఎక్స్‌రే తీయించుకోకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి, గాలిలోని రేడాన్ అనే వాయువు నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు తగులుతూనే ఉంటాయి.

ఉత్త మాటలు వద్దన్నారు కాబట్టి ఇది కూడా చెప్తాను. 8 నుంచి 15 వారాల మధ్య బిడ్డ మెదడు రేడియేషన్‌కు బాగా సున్నితంగా ఉంటుంది, మీ అక్కయ్యకు ఇప్పుడు నడుస్తున్నది ఆ వారాలే. అయితే ఆ హాని జరగాలంటే బిడ్డకు చేరే మోతాదు 100 మిల్లీగ్రే దాటాలి (ఎక్స్‌రే విషయంలో మిల్లీగ్రే, మిల్లీసీవర్ట్ ఒకటే లెక్క అనుకోండి). తల్లికే నేరుగా ఛాతీ ఎక్స్‌రే తీసినా బిడ్డకు చేరేది 0.01 మిల్లీగ్రే లోపే. మీ అక్కయ్య పక్కన నిలబడ్డారు అంతే, ఇంకా తక్కువ. రేడియేషన్ రక్షణ మీద ప్రపంచమంతా పాటించే సూచనలు రాసే ఐసీఆర్‌పీ అనే సంఘం 2000లో స్పష్టంగా చెప్పింది: 100 మిల్లీగ్రే లోపు మోతాదు చూపించి గర్భం తీయడం సమంజసం కాదు.

మల్లన్నగారూ, ఆ బోర్డు ఉండాల్సిందే. అనవసరంగా ఒక్క మైక్రోసీవర్ట్ కూడా తగలకూడదన్నది పద్ధతి. పద్ధతి తప్పితే బిడ్డకు హాని జరిగిందని అర్థం కాదు. ఆ సెంటర్ చేసింది మాత్రం ముమ్మాటికీ తప్పు. గర్భిణి అని చెప్పాక కూడా లోపలికి పిలవడం, ఏప్రాన్ ఇవ్వకపోవడం, రెండూ తప్పే.

పరకాల_పిలగాడు
సార్, దండం మీకు. ఫోన్ల చదివి వినిపించిన. ఆమె అడుగుతున్నది, నెలనెలా చేసే స్కానింగ్‌ల కూడ ఇదే రేడియేషన్ ఉంటదా అని.

ఫిల్మ్_చదివే_డాక్టర్
లేదు. గర్భిణులకు చేసే స్కానింగ్ శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. ఎంఆర్‌ఐ అయస్కాంతంతో. రెండింటిలోనూ ఈ రకం రేడియేషన్ ఉండదు. ఎక్స్‌రే, సీటీ, మామోగ్రామ్, క్యాథ్ ల్యాబ్‌లో గుండెకు చేసే యాంజియోగ్రామ్, ఒంట్లోకి రేడియేషన్ మందు ఎక్కించి చేసే న్యూక్లియర్ స్కాన్‌లు, వీటిలో ఉంటుంది.

సుబేదారి_సీను
ఇదంత సరే గని మా కాలనీల ఇంటి మీద సెల్ టవర్ పెట్టిన్రు. దాని రేడియేషన్ గురించి ఎవ్వరు మాట్లాడరేంది?

ఫిజిక్స్_సార్_జనగామ
సీనూ, రేడియేషన్ అన్న పేరు ఒకటే గని రకం వేరు. ఎక్స్‌రే, గామా కిరణాలకు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి ఉంటది, డీఎన్‌ఏ తెగేది అందుకే. టవర్ తరంగాలకు ఆ శక్తి లేదు. పైగా మన దేశంల 2012 సెప్టెంబర్ నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిల పదో వంతుకు తగ్గించిన్రు. అనుమానముంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌ల మీ టవర్ వివరం చూస్కోవచ్చు. ఇక్కడ ఎక్స్‌రే సంగతే మాట్లాడుకుందాం.

నర్సంపేట_రేడియోగ్రాఫర్
ఆ సెంటర్ల ఉన్నతను చదువుకున్న టెక్నీషియనేనా అని నా అనుమానం. నేను పదేండ్లకు పైగ ఈ పనిల ఉన్న. గర్భిణి అని చెప్పినంక లోపలికి రానియ్యం. మాకు నేర్పిన మొదటి పాఠమే అది.

చిన్నపిల్లలను పట్టుకునుడు రోజూ ఉండేదే. దానికో లెక్క ఉన్నది. కడుపుతోని లేని పెద్దమనిషి పట్టుకోవాలె. తండ్రో, తాతో, మేనమామో ఎవరైనా సరే. ఆయనకు లెడ్ ఏప్రాన్ వేయాలె, కనీసం 0.25 మిల్లీమీటర్ల సీసానికి సమానమైనది. చేతులు కిరణాలు పడే వెలుగు చట్రం లోపలికి రావద్దు. కిరణం వచ్చే దారిల నిలబడకుండ పక్కకు నిలబడాలె. వెలుగు చట్రాన్ని పిల్లగాని ఛాతీ వరకే కుదించాలె. చాలామంది ఇది మరిచిపోయి తల నుంచి తొడల దాక తెరిచి కొడతరు. అట్ల తెరిస్తే పిల్లగానికి ఎక్కువ తగులుతది, పట్టుకున్నోళ్లకు ఎక్కువ తగులుతది, ఫిల్ము గూడ మసకగ వస్తది.

మేము మాత్రం పట్టుకోవద్దు. రోగులు రోజూ మారుతరు, మేము మారం. రోజుకు ఎంతమందిని పట్టుకుంటే అన్నిసార్లు మాకు తగులుతది.

ఓరుగల్లు_అక్క
ఫోన్ల కార్టూన్ పెట్టి చూపిస్తే మా మనుమడు అసలు కదలనే కదలలే. ఎవ్వరు పట్టుకునే పనే పడలే!

నర్సంపేట_రేడియోగ్రాఫర్
@ఓరుగల్లు_అక్క నిజం అక్కా. ఫిల్ము ఒక్కసారికే మంచిగ వస్తే మళ్లీ తీసే పని ఉండదు. మళ్లీ తీయకపోవుడే అన్నిటికన్న పెద్ద రక్షణ.

మడికొండ_మల్లన్న
ఏప్రాన్ మాట వచ్చింది గనక అడుగుతున్న. పోయిన నెల నా నడుముకు ఎక్స్‌రే తీసినప్పుడు నాకు గూడ ఏప్రాన్ కప్పమన్న. "అవసరం లేదు పెద్దాయనా" అన్నడు. పైసలు కట్టిన రోగికి ఆమాత్రం ఇయ్యరా?

ఫిల్మ్_చదివే_డాక్టర్
మల్లన్నగారూ, ఒకప్పుడు రోగులకు కూడా కప్పేవాళ్లం. 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఆ అలవాటు మానేయమని చెప్పింది. ఒంటి లోపల చెదిరే కిరణాలను పైన కప్పిన సీసం ఆపలేదు. అది జరిగి చట్రంలోకి వస్తే అసలు చూడాల్సిన భాగమే కనబడదు, మళ్లీ తీయాలి. కొన్ని మెషీన్లు సీసం అడ్డు రాగానే మోతాదును వాటంతట అవే పెంచుతాయి కూడా. పక్కన పట్టుకున్న మనిషికి మాత్రం ఏప్రాన్ తప్పనిసరి.

మడికొండ_మల్లన్న
సార్ చెప్పింది అర్థమైంది గని మనసు ఒప్పుతలేదు. కప్పితే పోయేదేముంది?

నర్సంపేట_రేడియోగ్రాఫర్
నేనైతే రోగి గట్టిగ అడిగితే చట్రానికి దూరంగ ఉన్న భాగం మీద కప్పుత. సార్ చెప్పినట్టు దానితోని పెద్ద లాభం లేదు. కప్పినంక రోగి కదలకుండ నిలబడితే అదే చాలు.

ఫిజిక్స్_సార్_జనగామ
అందరు ఏప్రాన్ దగ్గర్నే ఆగిపోయిన్రు. దానికన్న ముందు దూరం. చలిమంట కాడ రెండడుగులు వెనుకకు జరిగితే సెగ ఎట్ల తగ్గుతదో ఇదీ అట్లనే, లెక్క మాత్రం పక్కా: దూరం రెట్టింపైతే తగిలేది నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. దూరం, సమయం, అడ్డు, ఈ మూడే రక్షణ సూత్రాలు. మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి. మెషీన్ ఆగంగనే ఎక్స్‌రే ఆగిపోతది. రూంల మిగలదు, బట్టలకు అంటదు, పిల్లగాని ఒంట్ల ఉండదు. మా బడిల పిల్లల తల్లులే అడుగుతరు, ఎక్స్‌రే తీయించుకున్నంక పాలియ్యొచ్చా అని. నిశ్చింతగ ఇయ్యొచ్చు.

హుజురాబాద్_మమత
@ఫిజిక్స్_సార్ మరి మా మేనత్తకు థైరాయిడ్‌కు హైదరాబాద్‌ల అయోడిన్ మందు తాగించి, కొన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు దూరంగ ఉండమన్నరు. ఇంట్లోళ్లు ఆమె పళ్లెం ముట్టుడు గూడ బందు పెట్టిన్రు. పాపం చానా బాధపడ్డది.

ఫిల్మ్_చదివే_డాక్టర్
మమతగారూ, అది వేరే సంగతి. అయోడిన్-131 మందు ఒంట్లోకి వెళ్లి కొన్నాళ్లు అక్కడినుంచే కిరణాలు ఇస్తుంది. ఎనిమిది రోజులకోసారి సగమవుతూ పోతుంది. అందుకే డాక్టర్ చెప్పినన్ని రోజులు వేరే పడక, మరుగుదొడ్డిలో నీళ్లు రెండుసార్లు వదలడం, చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకోకపోవడం. పాలిచ్చే తల్లి అయితే మందుకు ముందే పాలు మాన్పించాలి. ఆ రోజులు అయిపోయాక ఆమె అందరిలాంటి మనిషే. దూరంగా ఉండమన్నది కొన్ని రోజులకే, అంటరానితనం పాటించమని కాదు. మేనత్తగారికి ఇష్టమైంది వండి పెట్టి పక్కన కూర్చుని తినండి.

గోదావరిఖని_గామా
మీరంత ఆస్పత్రుల గురించే మాట్లాడుతున్నరు. మా దిక్కు పవర్ ప్లాంట్లు, ఫ్యాక్టరీలల్ల బాయిలర్ గొట్టాల వెల్డింగులకు ఎక్స్‌రే లెక్కనే ఫిల్ము తీస్తం. మాది గామా సోర్స్, ఇరిడియం-192. సార్ చెప్పిన ఎక్స్‌రే మెషీన్ లెక్క స్విచ్ బంద్ చేస్తే ఆగేది కాదు. కొన్ని మిల్లీమీటర్ల లోహపు ముక్క, రాత్రింబగళ్లు కిరణాలు ఇస్తనే ఉంటది. 74 రోజులకు సగమైతది. పని లేనప్పుడు కెమెరా అనే బరువైన పెట్టె లోపల దాస్తం.

పని రాత్రిపూటనే పెట్టుకుంటం, మనుషులు తక్కువుంటరని. చుట్టూ తాడు కట్టి, ఎర్ర లైటు పెట్టి, ఎవ్వరిని రానియ్యం. ప్రతి ఫిల్ము తరువాత కిరణాలను కొలిచే సర్వే మీటర్ పట్టుకొని సోర్స్ వాపస్ లోపలికి వచ్చిందా లేదా అని చూసినంకనే దగ్గరికి పోవాలె. ఎంత అలసిపోయినా మీటర్ చూడకుండ పోవద్దని కొత్త పోరగాళ్లకు నేను కొట్లాడి చెప్త. సోర్స్ గొట్టంల ఇరుక్కున్నదని తెల్వకుండ చేతితోని ముట్టుకొని వేళ్లు పోగొట్టుకున్నోళ్లు ఈ పనిల ప్రపంచమంత ఉన్నరు.

అందరికి నా మనవి: పసుపు మీద మూడు రెక్కల గుర్తున్న బరువైన పెట్టె ఎక్కడ దొరికినా ముట్టుకోవద్దు. పాత ఇనుప సామాన్ల దుకాణపోళ్లు మరీ ముఖ్యం.

కాజీపేట_లైన్
@గోదావరిఖని_గామా ఢిల్లీ మాయాపురి లెక్కనా?

గోదావరిఖని_గామా
అదే. 2010ల ఢిల్లీ యూనివర్సిటీ ల్యాబ్‌ల వాడకుండ పడున్న గామా మెషీన్‌ను పాత సామాన్ల కింద వేలం పాడిన్రు. మాయాపురి స్క్రాప్ మార్కెట్ల దాన్ని విప్పితే లోపల గామా కిరణాలిచ్చే కోబాల్ట్-60 ఉన్నది. ఒకాయన చనిపోయిండు, ఇంకా కొందరు ఆస్పత్రిపాలైన్రు. అండ్ల ఏమున్నదో ఆ దుకాణపోళ్లకు ఎవ్వరు చెప్పలే. దాని తర్వాతనే మన దేశంల అందరు దీని గురించి మాట్లాడిన్రు. మా దిక్కు ఇనుప సామాన్ల దుకాణాలు ఎన్నున్నయో మీకు తెలుసు. అందుకే చెప్తున్న.

వేయిస్తంభాల_వేణు
సీటీ స్కాన్ గురించి ఎవ్వరు అంటలేరు. కరోనా రెండో వేవ్‌ల మా ఇంట్ల అందరికి సీటీలు తీసిన్రు. ఒక్క సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా 2021 మేల టీవీల చెప్పిండు. అది విన్నప్పటిసంది మా నాయిన ఎవరికి సీటీ రాసినా వద్దంటున్నడు.

ఫిల్మ్_చదివే_డాక్టర్
వేణుగారూ, అప్పుడే దేశంలోని రేడియాలజిస్టుల సంఘం ఆ మాట పాత లెక్క అని ఖండించింది. మోతాదు మెషీన్‌ను బట్టి, తీసే పద్ధతిని బట్టి మారుతుంది. మామూలు ఛాతీ సీటీ సుమారు 5 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు, తక్కువ మోతాదు పద్ధతిలో అయితే 1.5 దాకా దిగుతుంది. ఛాతీ ఎక్స్‌రే 0.02 నుంచి 0.1. ఎక్కువ మోతాదు సీటీని అతి తక్కువ మోతాదు ఎక్స్‌రేతో పోలిస్తే 300 పైన వస్తుంది, తక్కువదాన్ని తీసుకుంటే అంత రాదు. లక్షణాలు లేనివాళ్లకు, కొద్దిపాటి జ్వరానికి సీటీ తీయొద్దని ఆయన చెప్పిన అసలు మాట మాత్రం సరైనదే.

ఎంజీఎం_దగ్గరి_నర్సు
సార్లు ఇద్దరు ఏమన్నా గని, వేణూ, నువ్వు మీ నాయినకు గట్టిగ చెప్పు. పక్షవాతం వచ్చి మూతి వంకర పోయిన పెద్దమనిషిని తెస్తే కొడుకులు "సీటీ వద్దు, రేడియేషన్ ఉంటదట" అని గంటలు గంటలు వాదించుడు నా కండ్లతోని చూసిన. మెదడుల రక్తం గడ్డ కట్టిందా, చిట్లిందా అన్నది సీటీల చూడకుండ మందు ఇయ్యరాదు. తల సీటీకి తగిలేది 2 మిల్లీసీవర్ట్‌ల చిల్లర. దానికి భయపడి కాలు చెయ్యి పోగొట్టుకుంటరా? భయం గూడ మనుషులను చంపుతది.

వేయిస్తంభాల_వేణు
మంచిమాట అక్కా. ఇది మా నాయినకు సూపిస్త.

కాజీపేట_లైన్
నర్సమ్మ చెప్పింది వంద శాతం నిజం. గని ఇంకో దిక్కు గూడ చూడున్రి. మా బాపుకు వరంగల్ల సీటీ తీసి హైదరాబాద్‌కు రాసిన్రు. అక్కడి ఆస్పత్రిల "బయటి సీటీ మాకు చెల్లదు" అని మూడో రోజుకే మళ్లీ తీసిన్రు. పైసలు రెండింతలు, రేడియేషన్ రెండింతలు. ఇది అవసరమా?

ఫిల్మ్_చదివే_డాక్టర్
ఇదే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం. వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయే ప్రతి రోగికీ ఇదే జరుగుతుంటే ఎలా? కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకుపోకండి. సీటీ తీసిన చోట సీడీగానీ పెన్‌డ్రైవ్‌గానీ అడిగి తీసుకోండి, అందులో అన్ని బొమ్మలూ ఉంటాయి. అక్కడ మళ్లీ రాస్తే "పాతదాంట్లో ఏం కనబడడం లేదు? కొత్తదాంట్లో ఏం చూడాలి?" అని మర్యాదగా అడగండి. ఒక్కోసారి నిజంగా అవసరం ఉంటుంది. లేనప్పుడు ఆ ప్రశ్నకే ఆగిపోతుంది.

చిన్నపిల్లలు మంచం మీది నుంచి పడ్డారని తల సీటీకి తెస్తారు. వాంతులు, మగత, ఫిట్స్ లేకుండా ఆడుకుంటున్న పిల్లాడికి చాలాసార్లు కనిపెట్టి చూడడమే సరిపోతుంది. పిల్లల కణాలు వేగంగా పెరుగుతుంటాయి, ముందున్న బతుకు కూడా ఎక్కువ. అందుకే వాళ్ల విషయంలో మేం రెండుసార్లు ఆలోచిస్తాం.

నర్సంపేట_రేడియోగ్రాఫర్
మా గురించి గూడ కొంచెం రాస్త, ఎవ్వరు పట్టించుకోరు గనక. రేడియేషన్‌ల పనిచేసేటోళ్లకు మన దేశంల పరిమితి ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలనూ 30 దాటొద్దు. మామూలు ప్రజలకు 1. మాకు ఎంత తగులుతున్నదో తెలిసేది ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జితోనే. ఏప్రాన్ వేస్కున్నప్పుడు దాని కింద పెట్టుకోవాలె. మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పోతది, లెక్క వస్తది.

చానా చోట్ల బ్యాడ్జి ఓనర్ టేబుల్ డ్రాయర్ల ఉంటది. పోరగాళ్లు వేలు పెట్టి చదువుకొని వచ్చి తక్కువ జీతానికి చేస్తున్నరు, అడిగితే పని పోతదని భయం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బ్యాడ్జి మీ హక్కు, అడిగి తీస్కోన్రి. లెక్క కాగితం ఫోటో కొట్టి పెట్టుకోన్రి. ఆడపిల్లలు కడుపుతోని ఉన్నట్టు తెలిసిన రోజే రాసిచ్చి చెప్పాలె. అప్పటిసంది కడుపుల బిడ్డకు పరిమితి మామూలు ప్రజల లెక్కనే, 1 మిల్లీసీవర్ట్.

ఏప్రాన్ మడత పెట్టొద్దు. లోపల సీసం పగుల్తది, బయటికి కనబడదు. హ్యాంగర్‌కు వేలాడదీయాలె, ఏడాదికోసారి దాన్నే ఎక్స్‌రే తీసి పగుళ్లు చూడాలె.

మడికొండ_మల్లన్న
మరి ఇవన్ని చూసేటోడు ఎవడు?

నర్సంపేట_రేడియోగ్రాఫర్
ముంబైల ఏఈఆర్‌బీ అని ఉన్నది, అణుశక్తి నియంత్రణ బోర్డు, 1983ల పెట్టిన్రు. ప్రతి ఎక్స్‌రే, సీటీ మెషీన్‌కు వాళ్ల దగ్గర ఈ-లోరా అనే పోర్టల్‌ల లైసెన్సో, రిజిస్ట్రేషనో ఉండాలె. ఆ కాగితం చూపియ్యమని సెంటర్ల అడగొచ్చు. తలుపుకు సీసం రేకు, గోడ మందం, అన్నిటికి లెక్క ఉన్నది. తలుపు తీసిపెట్టి ఎక్స్‌రే కొడితే ఆ సీసం రేకు ఉన్నా లేనట్టే. బయట బెంచీ మీద కూసున్నోళ్లు లేచి "తలుపు ఏయ్ అన్నా" అని అనాలె.

పరకాల_పిలగాడు
బావ, నేను ఆ సెంటర్‌కు పోయినం. మొదట గరం అయిన్రు. సార్ రాసింది చూపించినంక ఓనర్ మాట తగ్గించిండు. ఏప్రాన్ ఏదీ అంటే స్టోర్ రూంల మడిచి పెట్టింది తీసిండు. రాసి ఫిర్యాదు ఇచ్చినం, ముద్ర వేయించుకున్నం. తెలుగుల పెద్దగ బోర్డు పెట్టమన్నం, ఇప్పుడున్నది ఇంగ్లీష్‌ల చిన్న అక్షరాలల్ల ఉన్నది, మా అక్కే గాదు ఎవ్వరు చదవరు. పెట్టకపోతే పైకి రాస్తమని చెప్పినం.

ఓరుగల్లు_అక్క
శభాష్ బిడ్డా. అక్క తింటున్నదా?

పరకాల_పిలగాడు
తింటున్నది అక్కా. గైనిక్ డాక్టర్ గూడ ఇదే చెప్పింది.

ములుగు_ఆశక్క
ఇదంత ఇప్పుడే చదివిన. నాకొకటి చెప్పున్రి. మా ఊర్లె టీబీ పరీక్షల క్యాంపు పెడుతున్నరు. చేతిల పట్టుకునే చిన్న ఎక్స్‌రే మెషీన్ తెస్తరట. బడి వరండల పెట్టాలనుకుంటున్నం. జనం గుంపుగ వస్తరు, పిల్లతల్లులు గూడ ఉంటరు. ఏం చూస్కోవాలె?

నర్సంపేట_రేడియోగ్రాఫర్
అక్కా, మొట్టమొదలు మెషీన్ మూతి ఎటు ఉంటదో చూడున్రి. రోగి వెనుక దిక్కు మనుషులు తిరగని గోడ ఉండాలె, కిటికి గాని తలుపు గాని ఉండొద్దు. క్యూను పక్కకు పెట్టున్రి, ఇంకో గదిల అయితే ఇంకా మంచిది, ఎంత తక్కువ అన్నా రెండు మీటర్ల దూరం. ఒకసారి ఒక్కరే లోపలికి. మెషీన్ పట్టుకున్నాయన ఏప్రాన్ వేస్కోవాలె, బ్యాడ్జి పెట్టుకోవాలె. గర్భిణుల పేర్లు మీ రిజిస్టర్ల ఉంటయి గదా, వాళ్లను ముందే వేరు చేసి డాక్టర్‌కు చూపియ్యున్రి, ముందు గల్ల పరీక్ష చేయొచ్చు. మిగిలినోళ్లను భయపెట్టకున్రి, టీబీ పట్టుకునుడు చానా ముఖ్యం.

ములుగు_ఆశక్క
వరండ గోడ అవుతలనే అంగన్‌వాడీ ఉన్నది తమ్మీ, పిల్లలు అక్కడ్నే పంటరు.

నర్సంపేట_రేడియోగ్రాఫర్
అయితే ఆ దిక్కు వద్దక్కా. మైదానం వైపు ఉన్న గది అడుగున్రి, అటు ఎవ్వరు పోకుండ తాడు కట్టియ్యున్రి.

గోదావరిఖని_గామా
తాడు కట్టేకాడ ఒక మనిషిని గూడ నిలబెట్టు అక్కా. ఉత్త తాడునైతే పిల్లలు దాటి పోతరు.